రెండో ప్రశ్నకు అనుమతి లేదు

మనిషికి హక్కులు పుట్టుకతోనే వస్తాయని చదువుకున్నవాళ్లు అంటారు. అయ్యుండొచ్చు. కానీ ఊరికే వచ్చిన వస్తువును మనిషి ఎంత నిర్లక్ష్యంగా వాడతాడో ఒంటెబొమ్మ కంపెనీకి బాగా తెలుసు. అందుకే గల్ఫ్‌లో విమానం దిగిన ప్రతి పనివాడి దగ్గరా ఆ కంపెనీ హక్కులను అడిగి తీసుకుని భద్రపరుస్తుంది. ఇష్టమొచ్చిన చోటికి పోయే హక్కు పాస్‌పోర్టు రూపంలో ఉంటుంది కాబట్టి లాకర్లో చక్కగా ఇముడుతుంది. అలసిపోతే కాసేపు కూర్చునే హక్కు లాకర్లో పట్టదు కాబట్టి దాన్ని సూపర్‌వైజర్ జేబులో ఉంచుతారు. అక్కడ హక్కులకు ఎంత గట్టి రక్షణ ఉంటుందంటే, దొంగలే కాదు, సొంతదారులు కూడా వాటిని ముట్టుకోలేరు.

(కంపెనీకి చాలా పొడవైన అసలు పేరు ఒకటి ఉంది. హెల్మెట్ మీద ఒంటె బొమ్మ ఉంటుంది కనుక జగిత్యాల, కోరుట్ల వైపు అందరూ ఒంటెబొమ్మ కంపెనీ అనే అంటారు. బొమ్మలో ఒంటె నవ్వుతుంటుంది. హెల్మెట్ కింద ఉన్నవాడి సంగతి బొమ్మలో లేదు.)

బీర్పూర్ మొగిలవ్వకు ఈ విషయాలన్నీ కంపెనీయే స్వయంగా తెలియజేసింది. ఆమె కొడుకు రంజిత్ అక్కడ మేడలకు ఇనుప చువ్వలు కడతాడు. పనివాళ్ల ఇళ్లన్నింటికీ కంపెనీ ‘మానవ హక్కులే మా ఊపిరి’ అని ఒక రంగుల పుస్తకం పంపింది. నున్నటి కాగితం, ప్రతి పేజీలో నవ్వే మనుషులు. మొగిలవ్వకు చదువు రాదు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ, కోడలు రచన చేత చదివించుకుని విన్నది.

“‘ఎండ యాభై డిగ్రీలు దాటినచో పని ఆపబడును’ అని రాసిన్రు అత్తమ్మా.”

“మంచిగనే రాసిన్రు. మరి మనోడు ఎండల కండ్లు తిరిగి పడ్డ అంటుండు గదనే?”

“ఎండ కొలిచే మిషిని ఎండకు పాడైతదని మేనేజర్ రూముల పెట్టిన్రట. గా రూముల ఏసీ ఉంటదట.”

మొగిలవ్వ బీడీకి దారం చుట్టి, కొస తెంపి, “పోనీ తియ్, మిషినన్న సల్లగున్నది” అంది.

అసలు చిక్కు పుస్తకంతో కాదు. రంజిత్ ఒప్పందం గడువు నిరుటి బతుకమ్మ పండుగకే తీరిపోయింది. చువ్వల మధ్య వంగి వంగి మోకాలు వాచింది. ఇంటికి పోతాను, నా పాస్‌పోర్టు ఇయ్యండి అని అడిగాడు. మేనేజర్ చాలా సంతోషించాడు. ఇది హక్కులకు సంబంధించిన విషయమనీ, హక్కుల కోసం కంపెనీలో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉందనీ, దానికి తెలుగులో మాట్లాడే ఫోన్ నంబరు కూడా ఉందనీ చెప్పాడు. ఇంతకంటే ఏం కావాలి? రంజిత్ ఫోన్ చేశాడు. ఆ ముచ్చట అతను ఇంటికి వీడియో కాల్ చేసి చెప్పాడు.

“అవ్వా, ఎత్తిండే. తెలుగుల్నే మాట్లాడిండు.”

“ఏమన్నడు?”

“‘బాగున్నారా?’ అన్నడు.”

“మంచోడే. నువ్వేమన్నవ్?”

“‘మంచిగున్న సార్, మీరు మంచిగున్నరా?’ అన్న.”

“గట్లనే అనాలె. మల్ల?”

“మల్లేంది? కట్టయింది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని మెసేజ్ అచ్చింది.”

మంచంలో కల్లు గీసే కత్తికి పదును చూసుకుంటున్న మొగిలవ్వ పెనిమిటి హన్మండ్లు తల ఎత్తాడు. “ఫిర్యాదు చెప్పకముందే పరిష్కారమా? మన తాసిల్ ఆఫీసోళ్లను గాడికి పంపి నేర్పియ్యాలె.”

మరునాడు రంజిత్ మళ్లీ చేశాడు. ఈసారి ‘బాగోలేను’ అనాలని అద్దం ముందు నిలబడి గట్టిగా అనుకుని మరీ చేశాడు. అవతల ‘బాగున్నారా?’ అనగానే నోరు తనంతట తానే ‘మంచిగున్న సార్’ అనేసింది.

ఇందులో రంజిత్‌ను తప్పుపట్టడానికి లేదు. మన దగ్గర ‘మంచిగున్నవా?’ అన్న మాటకు ‘మంచిగున్న’ తప్ప ఇంకో జవాబు ఇప్పటిదాకా తయారు కాలేదు. జగిత్యాల దవాఖానలో కాలు పైకి కట్టించుకుని పడుకున్నవాడు కూడా, చూడవచ్చిన బంధువుతో ‘మంచిగనే ఉన్న బావా, కాలొక్కటే ఇరిగింది’ అంటాడు. బర్రె చచ్చినా, బోరు ఎండినా, ముందు మంచిగుండాలి. చచ్చిన బర్రె సంగతి ఆ తర్వాత. మొదటే ‘మంచిగ లేను’ అన్నవాడు వచ్చినవాణ్ని గుమ్మంలోంచి తోసేసినట్టు లెక్క. వాడికి పిల్లనిచ్చేవాళ్లు కూడా ఉండరు.

కంపెనీ హక్కుల విభాగం ఈ మర్యాదను బాగా పరిశోధించి ఆ ప్రశ్న పెట్టిందా, లేక దానంతట అది కలిసివచ్చిందా అన్నది తెలియదు. పరిశోధనే అయితే చాలా గొప్ప పరిశోధన.

ఫోన్‌తో కాదని మొగిలవ్వ రచనను వెంటబెట్టుకుని బస్సెక్కి కోరుట్లకు పోయింది. అక్కడ బట్టల దుకాణం పైన కంపెనీ వాళ్ల ‘మానవ హక్కుల కుటుంబ సేవా కేంద్రం’ ఉంది. బోర్డు కింద ‘చెప్పులు బయట, సమస్యలు లోపల’ అని రాసి ఉంది. లోపల ఒక్కడే మనిషి. పేరు చంద్రమౌళి. కోరుట్ల వాడే, పెద్ద చదువు చదివాడు, మెడలో ఒంటె బొమ్మల టై. అతని హోదా ‘క్షేమ సమన్వయాధికారి’. మెట్లెక్కి ఆయాసపడుతున్న మొగిలవ్వను చూసి లేచి నిలబడి కుర్చీ జరిపాడు. మర్యాదస్తుడు.

“రా అవ్వా, కూసో. బాగున్నరా?”

“మంచిగున్నం కొడుకా, నువ్వు మంచి...”

అతని చేతిలోని ట్యాబ్ టింగుమంది. రచన నెత్తి కొట్టుకుంది.

“అయ్యో, గది గాదు కొడుకా! మంచిగున్నమంటే మంచిగున్నమని గాదు.”

“మంచిగున్నరని ఎక్కింది అవ్వా. సంతోషం.”

“తీసెయ్ దాన్ని. ఇంకోపారి అడుగు.”

చంద్రమౌళి ముఖం బాధగా పెట్టాడు. “రెండో ప్రశ్నకు అనుమతి లేదవ్వా. ఒకటే మాట రెండుసార్లడిగితే ఒత్తిడి చేసినట్టయితది. మనిషి మీద ఒత్తిడి చేసుడు హక్కుల ఉల్లంఘన. మాది చాలా కడక్ కంపెనీ.”

“మల్లెప్పుడడుగుతవ్?”

“అచ్చే ఏడు.”

గోడ మీద జిల్లా పటం ఉంది. జగిత్యాల, బుగ్గారం, బీర్పూర్, అన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. మొగిలవ్వ దాని దగ్గరికి పోయి కళ్లు చికిలించి చూసింది.

“ఇదేంది కొడుకా, వరి నాట్లా?”

“క్షేమం అవ్వా. పచ్చగుంటే అక్కడి మనుషులు మా కంపెనీల క్షేమంగ ఉన్నట్టు.”

“గింత క్షేమముంటే మా రంజిత్ పాస్‌పోర్టు లాకర్ల ఎందుకున్నది?”

“క్షేమంగ ఉండుడుకే.”

మొగిలవ్వ రచన చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది. కిందికి దిగేటప్పుడు చంద్రమౌళి ఒక కార్డు చేతిలో పెట్టాడు. వచ్చే ఆదివారం కోరుట్ల ఫంక్షన్ హాల్లో ‘సున్నా ఫిర్యాదుల సంబురం’. విదేశం నుంచి కంపెనీ డైరెక్టరమ్మ వస్తుంది. జిల్లాలో ఒక్క ఫిర్యాదూ రానందుకు కుటుంబాలను సన్మానిస్తుంది. ప్రతి ఇంటి నుంచి ఒకరు స్టేజీ ఎక్కి, వచ్చే ఏడాది ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పేయాలి. తర్వాత బిర్యానీ.

“అచ్చే ఏడు అడుగుతనన్నవ్?”

“సంబురానికి ముందుకు జరిపిన్రు అవ్వా.”

ఊరికి చేరిన సాయంత్రమే మొగిలవ్వ బీడీల ఆడవాళ్లను వాకిట్లో కూర్చోబెట్టింది. ఒంటెబొమ్మ కంపెనీలో ఎవరో ఒకరు లేని ఇల్లు ఆ వాడకట్టులో తక్కువ. సంగతి చెప్పి, అందరికీ ‘మంచిగ లేను’ అనడం నేర్పించే పని మొదలుపెట్టింది. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

“నేను ఆఫీసరునన్నట్టు. అడుగుతున్న. ఏం శోభా, మంచిగున్నవా?”

“మంచిగున్న పెద్దమ్మా.”

“నీ పాడుగాను! మంచిగ లేను అనుమన్న గదే!”

“నువ్వట్ల నవ్వుకుంట అడిగితే ఎట్లంటనే? జర మొకం మాడ్సుకోని అడుగు.”

మొగిలవ్వ ముఖం మాడ్చుకుని అడిగింది. శోభ ‘మంచిగ...’ వరకు వచ్చి ఆగి, చెమటలు పట్టి, “మంచిగనే ఉన్న పో!” అని చాట ఎత్తి మొఖానికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకొకామె ‘దీపాలు పెట్టే యాళ్ల గసొంటి మాట నోట్లెకెల్లి తీయద్దు’ అంది. ఇంకొకామె దాదాపు అనేసింది, కానీ వెంటనే ‘ఊకెనే అన్న, మంచిగనే ఉన్న’ అని చెంపలేసుకుంది. కల్లు ముంతతో ఇంట్లోకి వస్తున్న హన్మండ్లు ఆగి చూశాడు.

“ఏందే గీ బడి? అబద్ధం నేర్పుతున్నవా, నిజం నేర్పుతున్నవా?”

“నిజమే.”

“మరి గంత కష్టపడుతున్నరేంది?”

ఆ నవ్వులో మొగిలవ్వ కళ్లు తుడుచుకుంటూ శోభ వైపు చూసింది. ఊరికే, అలవాటుగా, “మంచిగున్ననంటవ్, మరి గా కండ్ల కింద నలుపేందే? రాత్రులు పండుతలేవా?” అంది.

అంతే. శోభ చాట కింద పెట్టింది. మొగుడు ఏ క్యాంపులో ఉన్నాడో తెలియడం లేదనీ, ఫోన్ ఎత్తితే దగ్గు తప్ప మాట వినిపించడం లేదనీ, అత్తకు చెప్పలేక, తల్లికి చెప్పలేక లోపల లోపలే కుములుతున్నాననీ మొదలుపెట్టి, తడిపిన తునికాకు ఆరిపోయేదాకా చెప్పింది. పక్కనున్నామె అందుకుంది. దాని పక్కనున్నామె అందుకుంది.

మొగిలవ్వ చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది. ఇన్నేళ్లు నోటితో చేసిన పని ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మన దగ్గర మొదటి ప్రశ్న మర్యాదకు. నిజం ఎప్పుడైనా రెండో ప్రశ్నకే వస్తుంది. కంపెనీ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిందంటే, ఆగాల్సిన చోట చాలా సరిగ్గా ఆగింది.

“రచనా,” అంది, “ఆఫీసరు మనల్ని రెండోపారి అడగద్దు. మనం ఆఫీసరును అడగద్దని ఏడన్న రాసున్నదా?”

రచన రంగుల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేసింది. “లేదత్తమ్మా. మనం గూడ అడుగుతమని వాళ్లకు తోచలే.”

ఆదివారం ఫంక్షన్ హాలు పెళ్లివారిల్లులా ఉంది. స్టేజీ వెనక ‘మేమంతా బాగున్నాం’ అని పెద్ద గుడ్డ బ్యానరు. (ఆ గుడ్డ సిరిసిల్ల మగ్గాల మీద నేసింది. నేసినవాళ్లు బాగున్నారా అని అడిగే బాధ్యత వేరే కంపెనీది.) పక్కన పెద్ద తెర, తెర మీద పచ్చటి జిల్లా. సోఫాలో డైరెక్టరమ్మ, ఆమె చెవి దగ్గర మాటలు మార్చి చెప్పే ఒక కోటు మనిషి. ముందు ఉపన్యాసాలు జరిగాయి. మనిషి గౌరవం తమకు లాభం కంటే ముఖ్యమని డైరెక్టరమ్మ చెప్పింది. లాభం ఎంతో చెప్పలేదు కాబట్టి గౌరవం ఎంతో తెలియలేదు.

కుటుంబాలు వరుసగా స్టేజీ ఎక్కాయి. చంద్రమౌళి మైకులో ‘బాగున్నారా?’ అంటాడు. వాళ్లు ‘మంచిగున్నం’ అంటారు. ట్యాబ్ టింగుమంటుంది. శాలువా పడుతుంది. శోభ స్టేజీ మీద నోరు గట్టిగా మూసుకుని నిలబడింది. ‘మౌనం అర్ధాంగీకారం’ అని కోటు మనిషి సలహా ఇవ్వగా, సగం టింగుమనే సౌకర్యం ట్యాబ్‌లో లేనందున పూర్తిగా టింగుమనిపించారు.

మొగిలవ్వ వంతు వచ్చింది.

“అవ్వా, బాగు...”

“ఆగు కొడుకా. ముందుగాల నువ్వు చెప్పు. నువ్వు మంచిగున్నవా?”

చంద్రమౌళి నవ్వాడు. “మంచిగున్న అవ్వా.”

“మంచిగుంటే గా బుగ్గలు లోపటికి పోయినయేంది? మెడల టై గిట్ల దండెం మీద బట్ట లెక్క యాలాడుతుంది. యాళ్లకు తింటున్నవా? పొద్దుగాల ఏం తిన్నవ్?”

మైకు చంద్రమౌళి చేతిలోనే ఉంది.

“ఏం తిన్నవ్ రా అయ్యా?”

“ఏం తిన్లే అవ్వా,” అన్నాడు చంద్రమౌళి. మైకు ఆ మాటను హాలు బయట బిర్యానీ గిన్నెల దాకా మోసుకుపోయింది. “దసరా నుంచి జీతం ఇస్తలేరు. ఇడిసిపెట్టి పోతనంటే పోనిస్తలేరు. నా పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు, అన్ని గా లాకర్లనే ఉన్నయి. మా అమ్మకు ఆఫీసర్నని చెప్పుకున్న. రోజు అందర్ని బాగున్నరా అని అడుగుత. నన్నెవ్వరు అడగలే.”

డైరెక్టరమ్మ పక్కకు వంగింది. కోటు మనిషి ఒక్క క్షణం ఆలోచించి, అతను బాగున్నానని అంటున్నాడని చెప్పాడు. ఆమె చప్పట్లు కొట్టింది. ఆమె కొట్టింది కాబట్టి హాలంతా కొట్టింది.

మొగిలవ్వ కొంగుతో చంద్రమౌళి ముఖం తుడిచింది. అతను ముక్కు ఎగబీల్చి, టై వదులు చేసుకుని, నిబంధనల్లో లేని గొంతుతో, “అవ్వా, మల్లొక్కపారి అడుగుతున్న. నిజంగ మంచిగున్నవా?” అన్నాడు.

“లేను కొడుకా!” అంది మొగిలవ్వ. అంత హాయిగా ఆ మాట ఆ జిల్లాలో ఎవరూ అనలేదు. “నా కొడుకు మోకాలు బూడిదగుమ్మడికాయంత అయింది. గడువు అయిపోయింది. ఇంటికి పంపుమంటే లాకర్ అంటరు, అచ్చే ఏడు అంటరు, టింగు అంటరు. వాని పాస్‌పోర్టు మీకెందుకురా? అండ్ల ఫోటో గూడ మంచిగ లేదు!”

చంద్రమౌళి ‘కాదు’ అన్న మీట నొక్కాడు. ఆ మీట తయారైన నాటి నుంచి దాన్ని ఎవరూ నొక్కలేదు. నొక్కితే ఏమవుతుందో చేసినవాళ్లకు కూడా ఖాయంగా తెలియదు. తెర మీద బీర్పూర్ ఎర్రబడింది. ఊపు మీద ఉన్నాడు కాబట్టి తన పేరున కూడా ఒకటి నొక్కుకున్నాడు. కోరుట్ల ఎర్రబడింది. ఆ ఎరుపేమిటని డైరెక్టరమ్మ అడిగితే, అక్కడ మిర్చి బాగా పండుతుందని కోటు మనిషి చెప్పాడు. బిర్యానీ వడ్డిస్తున్నారని ఎవరో కేకేయడంతో సభ విజయవంతంగా ముగిసింది.

అయితే ఒంటెబొమ్మ కంపెనీ ఎరుపును తేలిగ్గా తీసుకునే కంపెనీ కాదు. పటంలో ఎరుపు వారం దాటి ఉంటే, మేడలు కట్టించుకునే పెద్ద దేశాలవాళ్లు మొహం చిట్లిస్తారు. కోరుట్ల ఎరుపు సులువుగానే పోయింది. కోరుట్ల ఫిర్యాదులు చూసే అధికారి చంద్రమౌళే కాబట్టి, ఫిర్యాదు నిబంధన ప్రకారం అతనికే వచ్చింది. అతను తనను తాను ‘బాగున్నారా?’ అని అడిగాడు. అతను కోరుట్ల పిల్లవాడు. ‘మంచిగున్న సార్’ అన్నాడు.

బీర్పూర్ విషయంలో పై ఆఫీసులో పెద్ద సమావేశమే జరిగింది. అందరి పాస్‌పోర్టులూ తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని ఒక కొత్త ఉద్యోగి అన్నాడు. అతన్ని విశ్రాంతి తీసుకోమన్నారు. బాగోలేని మనిషే కంపెనీలో లేకపోతే, బాగోలేకపోవడం అనేదే ఉండదు కదా అని ఒక పాత ఉద్యోగి అన్నాడు. అతనికి పదోన్నతి వచ్చింది. ఆ సాయంత్రమే రంజిత్ స్వేచ్ఛను పదకొండో అంతస్తులోని లాకర్ నుంచి లిఫ్టులో కిందికి దించి, దుమ్ము దులిపి, టికెట్‌తో సహా అతని చేతిలో పెట్టారు.

జగిత్యాల బస్టాండులో మొగిలవ్వ కొడుకు రెండు చెంపలూ పట్టుకుని, “మంచిగున్నవా కొడుకా?” అంది.

“మంచిగున్ననే అవ్వా.”

“మల్ల గా కుంటుడేంది?”

రంజిత్ అక్కడే బెంచీ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. బీర్పూర్ బస్సు వచ్చి వెళ్లింది. రచన నవ్వుతూ ఏడుస్తూ, ఏడుస్తూ నవ్వుతూ నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. ఇంకో బస్సు వచ్చి వెళ్లింది. హన్మండ్లు డ్రైవర్‌ను ఆపి, ‘పో తమ్మీ, మావోడింక ఎయిర్‌పోర్టుల్నే ఉన్నడు, కథ ఇప్పుడే మొదలుపెట్టిండు’ అన్నాడు.

ఊళ్లో నాలుగు రోజులు పండుగలాగే గడిచింది. తర్వాత కంపెనీ కొత్త నిర్ణయం వచ్చింది. బాగోలేనివాళ్లు పుట్టే ఊళ్ల నుంచి మనుషులను తీసుకోవడం హక్కుల రీత్యా ప్రమాదం కనుక, ఇకమీదట బీర్పూర్ నుంచి ఎవరినీ పనిలో పెట్టుకోరు. వీసా వచ్చి, బ్యాగు కూడా కొనుక్కున్న ఎల్లేశం అనే పిల్లవాడు పొద్దున్నే మొగిలవ్వ వాకిట్లో నిలబడ్డాడు. వెనక ఇంకో పదిమంది.

“పెద్దమ్మా, నీ కొడుకు అచ్చిండు, సంతోషం. మేం పోవద్దా?”

“గాడ పాస్‌పోర్టు గుంజుకుంటరు రా!”

“గుంజుకోనీ. ఈడ పాస్‌పోర్టు నా దగ్గర్నే ఉన్నది. దాన్ని తినాల్నా?”

మొగిలవ్వ చాట పక్కకు పెట్టింది. “మంచిగున్నవా ఎల్లేశం?” అని అడగబోయి, రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ముందే తెలిసి, చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

ఆ ఏటి కంపెనీ రంగుల పుస్తకంలో బీర్పూర్ గురించి ఒక వాక్యం ఉంది. ఆ ఊరిలో తమ వల్ల హక్కులు కోల్పోతున్నవారు ఇప్పుడు ఒక్కరు కూడా లేరని. అది అక్షరాలా నిజం. పిల్లలంతా ఆధార్‌లో ఊరు మార్పించుకుని బుగ్గారం అడ్రసుతో పోతున్నారు. మోకాలి వాపు కొంచెం దిగాక, పనికోసం జగిత్యాల, సిరిసిల్ల అంతా తిరిగి వచ్చాక, మొన్నటి జట్టులో రంజిత్ కూడా పోయాడు.

బుగ్గారం, కంపెనీ లెక్క ప్రకారం, బాగుంది.